ఆటు వేళ

హెర్న్ బేలో సముద్రం బాగా వెనక్కి తీసేది
అమావాస్యకో, పున్నానికో.
ఆ తేదీల పక్కన క్యాలెండర్లో పెన్సిలుతో
చిన్న త్రిభుజాలు గీసుకుంటాను.
చుట్టాల పుట్టినరోజులు కూడా అంత శ్రద్ధగా రాసుకోను.

వారానికి ఐదు రోజులు నేను పళ్లు చేస్తాను.
కాంటర్బరీ రోడ్డు వెనక, కిటికీ లేని ల్యాబులో
మైనం కరిగించి, అచ్చు పోసి, అరగదీసి
ముఖమైనా చూడని మనిషికి నవ్వు తయారుచేస్తాను.
ఆరో రోజు, ఎవరూ చేయని పళ్ల కోసం
బెల్టింజ్ దగ్గర మెట్లు దిగుతాను.

మొదటిసారి నిలబడి వెతికాను. ఒక్కటీ దొరకలేదు.
ఎనిడ్ గుడ్‌హ్యూ, డెబ్బై ఎనిమిదేళ్లావిడ,
మోకాళ్లకి తోటపని దిండ్లు కట్టుకుని
పాక్కుంటూ నా పక్కకొచ్చింది.
"పన్ను కోసం చూడకు. మెరుపు కోసం చూడు.
అయినా నిలబడ్డవాళ్లకి ఈ ఒడ్డు ఏనాడేమిచ్చిందని?"

మోకాళ్ల మీద కూలబడ్డాను.
చేటలో రాళ్లేరడం వచ్చిన కళ్లే నావి,
కాకపోతే ఇక్కడ
బియ్యం పారబోసి రాయి దాచుకోవాలి.

గంటకి ఒకటి.
గోరంత. వేయించిన చింతగింజ నలుపు.
లోపలివైపు గోటితో తడిమితే సన్నటి చారలు.
ఆ చారల వల్లే స్ట్రయాటొలామియా అని పేరట.
ఎనిడ్ ఆ మాటంటే
పక్కింటి పిల్లని కేకేసినట్టుంటుంది.
ఐదున్నర కోట్ల ఏళ్లు!
కాలిక్యులేటర్లో సున్నాలు పట్టాయి,
నాలో పట్టలేదు.

"మెగలొడాన్ ఎప్పుడు దొరుకుతుంది?" అన్నాను,
అరచేతంత పన్ను ఊహించుకుంటూ.
ఎనిడ్ ముక్కుతో నవ్వింది.
"అది అప్పటికింకా పుట్టలేదమ్మా."

సొరకి ఎముకంటూ లేదు, అంతా మృదులాస్థి.
ఈదిన ఒళ్లు ఉప్పులో కరిగిపోయింది,
కరిచిన పన్ను మిగిలింది.
ముందుది ఊడితే వెనకది
రేషన్ వరసలో మనిషిలా ఒకడుగు జరిగి వచ్చేది.
బతికినన్నాళ్లూ అంతే, వేలకొద్దీ.
వాటి కాలంలో మా ల్యాబు మూతబడేది.

అప్పుడు ఇక్కడ నీళ్లు వెచ్చగా ఉండేవట,
ఒడ్డున తాటిజాతి చెట్లుండేవట.
మార్చి గాలికి ముక్కు కారుతుండగా వింటే
వెనకటి ఆస్తుల గురించి చెప్పుకునే
చుట్టంలా అనిపించింది ఈ ఊరు.

పోయిన నెల ల్యాబుకి ఒక అచ్చు వచ్చింది.
చీటీ మీద: ఇ. గుడ్‌హ్యూ.
కింది దవడ, ముందువి నాలుగు.

అదా సంగతి.
రెండు ఆటువేళల నుంచీ ఆవిడ
పెదాలు విప్పకుండా మాట్లాడుతోంది,
చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.
నేను గాలి చలిగా ఉంది కాబోలనుకున్నాను.

రంగుల పట్టీలో టీ తాగే మనిషి పసుపు ఎంచాను.
ఒక పన్ను రవ్వంత వంకర పెట్టాను,
మరీ సరిగ్గా ఉంటే ఎవరూ నమ్మరు.
మెరుగు పెట్టబోతూ ఆగాను.
తలుపు వైపు ఒకసారి చూసి
ఒక పంటికి, లోపలివైపు,
నాలుక తప్ప ఇంకెవరూ వెళ్లని చోట
సన్ననిసూదితో గీతలు గీశాను, ఏడు.
పదహారేళ్ల పనిలో మొదటి దొంగతనం.

ఈ పున్నానికి వచ్చింది, దిండ్లు కట్టుకుని.
చాలాసేపు ఏమీ అనలేదు.
బుగ్గ లోపల నాలుక కదులుతుండటం చూస్తూ
నేను ఒకే గులకరాయిని నాలుగుసార్లు తిప్పాను.

"మరీ లోతుగా గీశావు" అంది చివరికి,
తల ఎత్తకుండా.
"అసలువి ఇంకా సన్నగా ఉంటాయి.
జేబులో ఉన్నది తీసి మళ్లీ చూసుకో."

తీశాను. నిజమే.
అప్పటికే నీళ్లు తిరిగొస్తున్నాయి.
ఇద్దరం మోకాళ్ల మీదే వెనక్కి జరిగాం,
ఒడ్డు మాకు వదిలినంత మేర వెతుకుతూ.